అత్తయ్య కూర్చున్న వరుస

ఫిబ్రవరి 3

అత్తయ్యకి,

మీ మేనల్లుడి నమస్కారాలు. మీ మోకాలు ఎలా ఉంది? పొద్దున ఫోన్ చేస్తే "ఆఫీసు వేళ ఫోనేమిటి?" అంటారు. సాయంత్రం చేస్తే "ఇప్పుడే వచ్చి కూలబడ్డాను" అంటారు. మెయిల్ రాద్దామంటే మీ మేనేజరు దొంగచాటుగా చదువుతాడని మీ అనుమానం. ఇక గత్యంతరం లేక కాగితం, కలం పట్టుకున్నాను. నా చేతిరాత చూసి నవ్వకండి.

నా పరిశోధన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఏడేళ్ళుగా అమ్మ కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని బాధపడుతోంది కదా! మనుషులు తలో చోటా ఉండి, ఎవరికి వీలైన వేళలో వాళ్ళు, కంప్యూటర్ల సాయంతో ఒకే పనిని కలిసి ఎలా చేస్తారన్నది నా విషయం. మీ బస్సుల సంస్థ ఈ పద్ధతిని మూడు నెలల పాటు పరీక్షించబోతోంది. ఆ పరీక్షకి ఎంపికైన విభాగాల్లో మీ టైంటేబుల్ విభాగం ఉంది. దాన్ని గమనించి నివేదిక రాసే పని మా సంస్థకి వచ్చింది. మా సంస్థకి అంటే నాకే. మీరు మా అత్తయ్య అని మా ప్రొఫెసరుగారికి ఇంకా చెప్పలేదు, సమయం చూసి చెబుతాను.

ఇకనుంచి మీరందరూ ఒకే ఉమ్మడి ఫైల్లో పనిచేస్తారు. ఎవరింట్లో వాళ్ళుండి తెరిస్తే చాలు. ఫైల్లో ఒక్కొక్కరికీ ఒక్కో రంగు గడి ఉంటుంది. ఎవరు ఏ వరుసలో ఉన్నారో మిగిలినవాళ్ళకి ఆ రంగునిబట్టి తెలుస్తుంది. ఎవరు ఎక్కడ ఎంతసేపు ఉన్నారో ఆ లెక్కంతా వారం వారం నాకు వస్తుంది. అయితే పేర్లు రావు, నంబర్లు వస్తాయి. ఆ నంబర్లు చెప్పని సంగతులు నాకు మీరు చెప్పాలి. అప్పుడప్పుడు ఒక ఉత్తరం, మీ ధోరణిలో, ఏదీ దాచకుండా. నా డాక్టరేటు మీ చేతుల్లో ఉంది.

ఎప్పటికీ మీ మాట జవదాటని,
మేనల్లుడు

ఫిబ్రవరి 9

నాయనా,

అందరం క్షేమం అని మొదలుపెడదామంటే ఇక్కడ క్షేమం లేదు. నీ చేతిరాత చూసి నవ్వలేదు, భయపడ్డాను. డాక్టరేటు రాకముందే డాక్టరు రాత వచ్చేసింది.

మా గది నువ్వు చూడలేదు. చూసుంటే ఈ పరిశోధన మొదలుపెట్టేవాడివి కాదు. గది మధ్యలో ఒక పెద్ద బల్ల. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా దాని తల దగ్గర నేను కూర్చుంటున్నాను. కుడివైపు నిదానం గారు. ఒక బస్సు వంతెన దాటడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చెప్పమంటే ముందు కళ్ళజోడు తుడుచుకుంటాడు, తర్వాత కిటికీలోంచి చూస్తాడు, ఆ తర్వాత చెబుతాడు. తప్పు మాత్రం చెప్పడు. ఎడమవైపు మీసాలాయన. డ్రైవర్లకి డ్యూటీలు వేసేది ఆయన. ఎదురుగా టైపిస్టు అమ్మాయి. ఈ నలుగురం కలిసి వేసిన అంకెల మీద ఈ ఊరు ఊరంతా నడుస్తుంది.

ఇప్పుడు ఆ ముగ్గురూ ఇళ్ళలో ఉన్నారు. నేనొక్కదాన్నే రోజూ వచ్చి బల్ల దగ్గర కూర్చుంటున్నాను. మా ఇంట్లోకి కంప్యూటరుని రానిచ్చే ప్రసక్తే లేదు. మేనేజరు చెప్పాడు: ఈ పరీక్ష నెగ్గితే మా గది టికెట్ తనిఖీవాళ్ళకి వెళ్ళిపోతుందట. ఓడితే అందరూ గదికి తిరిగి రావాలట. ఓడాలని నేను రోజూ కోరుకుంటున్నానని నీ నివేదికలో రాసుకో, దాచొద్దన్నావుగా.

ఒక్క టైపిస్టు సంగతే నాకు మింగుడుపడటం లేదు. వాళ్ళ నాన్నకి మతిమరుపు. గడియ వేయడం మరిచిపోయి వీధిలోకి వెళ్ళిపోతాడు, ఇల్లు ఎక్కడో గుర్తుండదు. ఇంతకాలం ఆ అమ్మాయి మధ్యాహ్నం దాకా పక్కింటివాళ్ళని బతిమాలుకుని, ఆ తర్వాత సెలవు చీటీ పట్టుకుని నా ముందు నిలబడేది. పక్కింటివాళ్ళు ఇల్లు మారారు. ఇంటి నుంచి పని లేకపోతే ఆ పిల్లకి ఉద్యోగమే లేదు. ఆ మాట మాత్రం నిజం.

అయినా క్రమశిక్షణ విషయంలో నేను రాజీపడలేదు. వెసులుబాటు రిజిస్టరు ఒకటి తెరిచాను. వెసులుబాటు కావలసినవాళ్ళు రెండు రోజుల ముందు అర్జీ పెట్టుకోవాలి. పొద్దున తొమ్మిదికి తెర మీద అందరూ హాజరు. నేను రాగానే ఎప్పటిలాగే లేచి నిలబడాలి. మొదటి రోజు మీసాలాయన లేచాడు. పైన కోటు, కింద చారల పైజామా, మోకాలి దగ్గర చిరుగు. వెంటనే కూర్చోమన్నాను. ఆ రోజంతా ఆ మీసాలకి నేను ముఖం చూపించలేకపోయాను.

రొట్టె ముక్కలతో కడుపు నింపుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. అన్నం వండుకోవడం మీద ఎవరైనా పరిశోధన చేస్తే ముందు నిన్నే పట్టుకుంటారు.

నీ మేనత్త

ఫిబ్రవరి 16

అత్తయ్యకి,

మీ ఉత్తరం బస్సులో చదివి పైకి నవ్వితే పక్కనున్నాయన సీటు మారాడు. మీరు పరిశోధనకి దొరికిన వరం.

కానీ చేతులు జోడించి రెండు మాటలు చెప్పాలి. వెసులుబాటుకి రెండు రోజుల ముందు అర్జీ పెట్టిస్తే అది వెసులుబాటు కాదు. లేచి నిలబడే కార్యక్రమం కూడా ఆపేయండి. నెత్తిమీద కూర్చుంటే మనుషులు పనిచేయరు, పనిచేస్తున్నట్టు నటిస్తారు. పెద్దవాళ్ళు చేయవలసింది ఒక్కటే అని మా రంగంలో అందరూ ఒప్పుకున్నారు. ఫైల్లో కనబడుతూ ఉండండి చాలు. ఏదో ఒక వరుసలో మీ గడి ఉంటే, మీరు తోడున్నారని వాళ్ళకి ధైర్యంగా ఉంటుంది. ఏమీ అనకండి, ఏమీ దిద్దకండి. నమ్మండి.

ఇంకొకటి. వెసులుబాటు మీకు కూడా వర్తిస్తుంది. ఆ మోకాలికి డాక్టరు విశ్రాంతి తీసుకోమని ఏడాదిగా చెబుతున్నాడట. ఒక పది రోజులు సెలవు పెట్టండి. మీరు లేకపోతే బస్సులు ఆగిపోవు.

నా వంట గురించి: గుడ్డు ఉడకబెట్టడం వచ్చేసింది. ఇంటావిడ సాక్షి.

మీ,
మేనల్లుడు

మార్చి 1

నాయనా,

నీ మాట విన్నాను. ఈ సంగతి మీ అమ్మకి చెప్పకు, నన్ను ఆటపట్టిస్తుంది.

రిజిస్టరు మూసేశాను. లేచి నిలబడొద్దన్నాను. నువ్వన్నట్టే రోజూ ఫైలు తెరిచి ఒక వరుసలో కూర్చుంటున్నాను. నాది పసుపు గడి. ఎంత క్రమశిక్షణ అనుకున్నావు! నేను వెళ్ళగానే అక్కడ గోల చేస్తున్న ఎరుపూ, నీలం, ఆకుపచ్చా ఠక్కున సర్దుకుంటాయి. కిక్కురుమనవు. ఇళ్ళలో ఉండి కూడా ఇంత అణకువగా పనిచేస్తారని నేను కలలో కూడా అనుకోలేదు. నీ పరిశోధనలో పస ఉందని ఒప్పుకుంటున్నాను.

కొత్త టైంటేబుల్ పదో తేదీన అచ్చుకి వెళుతుంది. పదమూడు నుంచి అమలు. ఇంతకాలం అచ్చుకి వెళ్ళే ముందు ప్రతి వరుసా వేలు పెట్టి చదివేదాన్ని. ఈసారి నమ్మమన్నావు కాబట్టి చదవడం లేదు. పదో తేదీన మేనేజరే నేరుగా పంపేస్తాడు. రేపటి నుంచి సెలవు, ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి. ఇవాళ ఆదివారమైనా వచ్చి, అన్నీ చూసుకుని, చివరగా ఆసుపత్రి బస్సు వరుస దగ్గర కాసేపు కూర్చున్నాను. ఉదయం ఆరుంబావు బస్సు. నర్సులు ఎక్కేది. అది మన టైపిస్టు నింపే వరుస. ఆ అమ్మాయికి కూడా కాస్త ధైర్యం ఉండనీ అని. ఆ తర్వాత తెర ఆర్పేసి, గది తాళం వేసి వచ్చాను.

కరెంటు వృథా చేయడం నాకు చిన్నప్పటి నుంచీ పడదు. తెర ఆర్పకుండా ఇంటికి వెళ్ళిన రోజు లేదు.

మోకాలికి వేణ్ణీళ్ళ కాపడం, కాళ్ళ కింద రెండు దిళ్ళు. మహారాణిలా ఉన్నాను. అప్పుడే విసుగ్గా కూడా ఉంది.

నీ మేనత్త

మార్చి 12

అత్తయ్యకి,

మీ ఉత్తరం అందింది, పూర్తిగా చదవలేదు, క్షమించండి. సంతోషంతో ఏ పనీ చేతికి రావడం లేదు! ఏడేళ్ళుగా నేను వెతుకుతున్న మనిషి నిన్న దొరికాడు.

మీ విభాగం లెక్కలు వచ్చాయి. అందులో ఒకటో నంబరు అని ఒకరున్నారు. అత్తయ్యా, ఈ ఒకటో నంబరు ఏ వరుసలోకి అడుగుపెడితే ఆ వరుసలోంచి మిగిలినవాళ్ళు నాలుగు సెకన్లలో ఖాళీ చేసి వెళ్ళిపోతున్నారు. తను మాత్రం ఒక్క అక్షరం రాయడు. కూర్చుంటాడంతే. అసలు విశేషం వినండి: మార్చి ఒకటిన ఒక వరుసలోకి వెళ్ళాడు. పదో తేదీన ఫైలు అచ్చుకి వెళ్ళేదాకా కదల్లేదు. తొమ్మిది రోజులు! ఆ తొమ్మిది రోజుల్లో మూడో నంబరు ఆ వరుస గడప దాకా ఇరవై ఆరుసార్లు వచ్చి, చూసి, వెనక్కి తిరిగింది.

నివేదికలో ఇలా రాశాను: "ఈ వ్యక్తి ఉనికి పనికి తోడ్పడటం లేదు. దారికి అడ్డంగా పడుకున్న గేదెని చూసి బండ్లు ఆగినట్టు మిగిలినవారు ఆగుతున్నారు. గేదెకి ఆ సంగతి తెలియదు." ఎలా ఉంది? ప్రొఫెసరుగారు గేదె తీసేయమన్నారు. నేను ససేమిరా అన్నాను.

పేర్లు నాకు తెలియవు, తెలుసుకోకూడదు. కానీ మీరు రాసినదాన్నిబట్టి చూస్తే ఆ నిదానం గారే అయ్యుంటారు. కళ్ళజోడు తుడుచుకుని, కిటికీలోంచి చూసి... ఆయనే! ఈ మాట మీ దగ్గరే ఉంచుకోండి, నా ఉద్యోగం పోతుంది.

పట్టరాని సంతోషంతో,
మేనల్లుడు

మార్చి 17

నాయనా,

నీ సంతోషం నీ దగ్గరే పెట్టుకో. ఇక్కడ కొంప మునిగింది.

పదమూడో తేదీన కొత్త టైంటేబుల్ అమలయింది. ఆరుంబావు ఆసుపత్రి బస్సు అందులో లేదు. వరుస ఖాళీ. అచ్చులో లేని బస్సుకి మీసాలాయన డ్రైవరుని వేయలేదు, ఆయన తప్పేముంది? ఇరవైమంది నర్సులు స్టాపులో నిలబడి నిలబడి నడిచి వెళ్ళారు. రాత్రంతా పనిచేసినవాళ్ళు వీళ్ళొచ్చేదాకా కదలడానికి లేక అక్కడే ఉండిపోయారు. దేవుడి దయవల్ల రోగులకేమీ కాలేదు. మధ్యాహ్నానికి పెద్ద నర్సు పదిమందిని వెంటబెట్టుకుని మేనేజరు గదిలోకి వచ్చింది. ముందు అతని చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసిందట. "బాగానే ఉంది, ఇక తిట్టొచ్చు" అని మొదలుపెట్టిందట. వెళ్ళేముందు మళ్ళీ చూసి మందు రాయించుకోమని సలహా చెప్పిందట.

ఆ వరుస టైపిస్టుది. మేనేజరుకి అంతే చాలు. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తోందో ఎవరు చూశారు?" అన్నాడు. ఒకటో తేదీ నుంచి అందరూ గదికి రావాలట. ఆ అమ్మాయి మీద ఇరవై ఆరున విచారణ. ఎటూ రాలేను కాబట్టి రాజీనామా రాసుకుంటోందని విన్నాను.

నేను కోరుకున్నదే జరిగింది. బల్ల తుడిపించాను. కుర్చీలు సర్దించాను. సర్దినంతసేపూ ఆ పిల్ల ముఖమే కళ్ళముందు.

ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. తొమ్మిది రోజులు ఆ వరుసలో బైఠాయించింది నిదానం గారని చదివి నా ఒళ్ళు మండిపోయింది. తెర మీదకి పిలిచి నోటికొచ్చినట్టు దులిపేశాను. పైగా నీ గేదె మాట కూడా వాడాను, బాగుంది ఆ మాట. ఆయన తలవంచుకుని, "అలాగే మేడం. నాదే పొరపాటు మేడం" అన్నాడు. ఒప్పుకున్నాడు!

కాబట్టి వెంటనే నువ్వు మేనేజరుకి ఒక ఉత్తరం రాయి. ఒకటో నంబరంటే నిదానం గారని, ఆయన అడ్డం కూర్చోవడం వల్లే అమ్మాయి రాయలేకపోయిందని. ఆయనకింకా రెండేళ్ళ ఉద్యోగం ఉంది, ఒక మందలింపు చీటీతో పోతుంది. అమ్మాయి నిలబడుతుంది. రహస్యం, ఉద్యోగం అని సణగకు.

నీ మేనత్త

మార్చి 21

అత్తయ్యకి,

ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. మూడు కాగితాలు చించాను.

మీ ఉత్తరం రాగానే లెక్కలు మళ్ళీ తెరిచాను. రెండో, మూడో, నాలుగో నంబర్లు తలో ఇంటి నుంచి పనిచేశారు. ఒకటో నంబరు మాత్రం మొదటిరోజు నుంచీ ఒకే కంప్యూటరు నుంచి. ఆఫీసులో ఉన్న కంప్యూటరు నుంచి. అత్తయ్యా, ఆ గదిలో మీరు తప్ప ఎవరూ కూర్చోవడం లేదని మీరే రాశారు.

మీరు మార్చి ఒకటిన రాసిన ఉత్తరం అప్పుడు తీసి చదివాను, ఈసారి చివరిదాకా. తెర ఆర్పితే కంప్యూటరు ఆగదు. తెర ఒక్కటే ఆరుతుంది. లోపల మీ పసుపు గడి వెలుగుతూనే ఉంది.

గేదె అన్న మాటకి నా నాలుక తెగిపోయినా బాగుండేది. పైగా కనబడుతూ కూర్చోమన్నది నేను. సెలవు పెట్టమన్నది నేను. చదవకుండా నమ్మమన్నది కూడా నేనే. మా రంగంలో అందరూ ఒప్పుకున్న మాట అని కోతలు కోశాను, మీ గది ఎలా ఉంటుందో చూడకుండా!

నివేదికలో ఒకటో నంబరు గురించి రాసిన అధ్యాయం తీసేస్తున్నాను. మీకు రిటైర్మెంటు ఇంకెంతో లేదు, ఈ వేళప్పుడు మీకీ తలవంపులు నా వల్ల రాకూడదు. డాక్టరేటు ఏడేళ్ళు ఆగింది, ఇంకో ఏడాది ఆగుతుంది. ఆ టైపిస్టు విషయం ఏం చేయాలో నాకు తోచడం లేదు. మీరే చెప్పండి.

తలెత్తుకోలేని,
మేనల్లుడు

మార్చి 22

నాయనా,

నిదానం గారి గురించి నేను రాయమన్న ఉత్తరం రాశావా? రాసుంటే పంపకు. పంపేసి ఉంటే వెనక్కి తెప్పించు.

నిన్న సాయంత్రం టైపిస్టు ఇంటికి వెళ్ళాను. రాజీనామా ఇవ్వొద్దు, అసలు దొంగ దొరికాడు అని చెబుదామని. తలుపు తీసింది వాళ్ళ నాన్న. నన్ను చూసి, "బడి పంతులమ్మగారు వచ్చారే!" అని కూతుర్ని పిలిచాడు. ఒకటే గది. మంచానికి ఇటు కంప్యూటరు, అటు ఆయన కుర్చీ. ఆ అమ్మాయి కుర్చీని తలుపుకి అడ్డంగా వేసుకుని పనిచేస్తుందట, ఆయన బయటికి వెళ్ళాలంటే తనని లేపాలి కాబట్టి.

నన్ను చూడగానే లేచి నిలబడింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"నిదానం గారు ఆ వరుసలో కూర్చుంటే నువ్వు రాయొచ్చుగా? లేవమని చెప్పొచ్చుగా?" అన్నాను.

"నిదానం గారు ఎందుకుంటారు మేడం? ఆ వరుసలో ఉన్నది మీరు కదా" అంది.

"నేనా? నేను సెలవులో ఉన్నాను!"

"అవును మేడం. ఒంట్లో బాగోకపోయినా ఆ వరుస గురించే ఆలోచిస్తున్నారనుకున్నాం. రోజూ రెండు మూడుసార్లు వచ్చి చూసేదాన్ని. మీరింకా అక్కడే ఉండేవారు. మీరు ఆలోచిస్తుంటే మధ్యలో ఎలా రాస్తాను?"

"ఫోన్ చేసి అడగొచ్చుగా!"

"మిమ్మల్నా మేడం?" అంది.

ఎంత భయపడుతూ అందో ఆ మాట! నా పసుపు గడి ఆ వరుసలోనే ఉండిపోయిందని అప్పుడు అర్థమైంది. నీ ఉత్తరం కూడా గుర్తొచ్చింది, గేదెతో సహా. అక్కడి నుంచి నిదానం గారికి ఫోన్ చేశాను. చేయని తప్పు ఎందుకు ఒప్పుకున్నారని అడిగాను. "మీరంత గట్టిగా చెబుతుంటే కాదనడం బాగుండదు కదా మేడం" అన్నాడు.

నీకు దాచకుండా చెబుతాను. ఇంటికొచ్చాక చాలాసేపు దుర్బుద్ధి పుట్టింది. ఎనిమిది నెలల్లో రిటైరవుతాను. పూలదండ వేస్తారు, ఒక్క పొరపాటు చేయని మనిషి అని చెబుతారు. నోరు మూసుకుంటే ఆ మాటా దక్కుతుంది, బల్లా దక్కుతుంది. ఎవరికీ తెలియదు. ఆ పిల్ల కూడా చెప్పదు, చచ్చినా చెప్పదు. అదే నన్ను నిలువునా కోసేస్తోంది.

ఏం చేయాలో నాకు తెలుసు. చేయడానికి మనసు రావడం లేదు, అంతే.

నీ మేనత్త

మార్చి 24

అత్తయ్యకి,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నాది అందే ఉంటుంది. మీకు తెలిసిపోయిందని చూసి ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదివాను.

మీరు ఏం చేసినా నేను మీ వెంటే. అధ్యాయం తీసేశాను. ప్రొఫెసరుగారికి మీరు మా అత్తయ్య అని చెప్పేశాను. ఆయన అరగంట అరిచి, ఆ తర్వాత, "ఆవిడ రాసిన ఉత్తరాలు చదవడానికి ఇస్తావా?" అని అడిగారు. ఇవ్వలేదు.

మీ,
మేనల్లుడు

ఏప్రిల్ 2

నాయనా,

తీసేసిన అధ్యాయం వెంటనే తిరిగి పెట్టు. గేదెతో సహా. ఎందుకో చెబుతాను.

ఇరవై ఆరున విచారణ. మేనేజరు, పెద్ద నర్సు, మా విభాగం అంతా ఉన్నాం. టైపిస్టు వాళ్ళ నాన్నని కూడా తీసుకొచ్చి తలుపు పక్కన కూర్చోబెట్టింది. రాజీనామా కవరు ఒళ్ళో ఉంది. నేను లేచి, "తప్పు నాది. ఆ వరుసలో తొమ్మిది రోజులు ఉన్నది నేను" అన్నాను. రాత్రంతా కూడబలుక్కున్న మాట నాయనా అది.

ఎవరూ నమ్మలేదు!

"మీ పెద్దమనసు మాకు తెలుసు మేడం. అమ్మాయిని కాపాడటానికి మీ మీద వేసుకుంటున్నారు" అన్నాడు మేనేజరు. నిదానం గారు లేచి, "కాదండీ, నాది" అన్నాడు. మీసాలాయన కూడా లేచి, డ్యూటీ వేసేటప్పుడు తను చూసుకోవలసిందన్నాడు. టైపిస్టు ఏడుస్తూ కవరు తీసి, "ఎవరిదీ కాదు, నాదే" అంది. తప్పు కోసం నలుగురం కొట్టుకుంటుంటే పెద్ద నర్సు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళ ముఖం చూసి, "మీ అందరికీ పరీక్షలు చేయాలి" అంది.

అప్పుడు సంచిలోంచి నీ ఉత్తరాలు తీశాను. నీ ఉద్యోగం గుర్తొచ్చింది, అయినా ఆగలేదు. అందులో ఉన్నది నా గురించే కదా, నా గుట్టు నేను విప్పుకుంటే ఎవరేమంటారు? పైకి చదివాను. ఒకటో నంబరు రాగానే నాలుగు సెకన్లలో ఖాళీ చేయడం, ఒక్క అక్షరం రాయకపోవడం, తొమ్మిది రోజులు, ఇరవై ఆరుసార్లు, ఆ ఒకటో నంబరు మా గదిలోని కంప్యూటరేనని, అన్నీ. గేదె దగ్గరికి వచ్చేసరికి కాస్త ఆగాను. ఆ తర్వాత అదీ చదివాను. తలుపు దగ్గర నుంచి టైపిస్టు నాన్న ఒక్కడే పగలబడి నవ్వాడు. ఆ తర్వాత నేను నవ్వాను. నేను నవ్వాక గానీ వాళ్ళెవరూ నవ్వలేదు చూశావా!

మేనేజరు నివేదిక పూర్తిగా కావాలన్నాడు. అందుకే ఆ అధ్యాయం ఉండాలి. అది లేకపోతే నా మాట ఎవరూ నమ్మరు. టైపిస్టుని ఇంటి నుంచే పనిచేయమన్నారు, ఈసారి కాగితం మీద సంతకంతో. కవరు నేనే చించాను. నాకు మందలింపు చీటీ వచ్చింది, నా ఉద్యోగ ఫైల్లో పెట్టారు. తప్పు ఇంటి పనిది కాదని తేలాక గది తనిఖీవాళ్ళకి వెళ్ళిపోయింది. బల్ల గుమ్మంలోంచి పట్టక అక్కడే ఉండిపోయింది, దాని మీద ఇప్పుడు వాళ్ళు టీ గ్లాసులు పెడుతున్నారు. తలచుకుంటే బాధగానే ఉంది. ఏడవాలనిపించినప్పుడు ఏడుస్తున్నాను, ఇంట్లోనే కదా ఉద్యోగం.

అవును, మా ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది. కిటికీ పక్కన పెట్టించాను.

నిన్న పొద్దున ఫైలు తెరిచి ఆసుపత్రి వరుసలోకి వెళ్ళాను. వచ్చే నెల అంకె వేయాలి. కళ్ళజోడు వంటింట్లో మరిచిపోయి ఆరుంబావు వేయబోయి ఆరున్నర వేశాను. అంతలో ఆకుపచ్చ గడి వచ్చింది. టైపిస్టు. నా పక్కన ఆగింది. వెళ్ళిపోతుందిలే అనుకున్నాను. వెళ్ళలేదు. కాసేపు అక్కడే తచ్చాడింది. ఆ తర్వాత నేనింకా అందులో ఉండగానే, నా కళ్ళముందే, నా ఆరున్నరని చెరిపేసి ఆరుంబావు వేసింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో నా తప్పు నా ఎదుట దిద్దినవాళ్ళు లేరు. నేను తప్పులు చేయను కాబట్టి అనుకునేదాన్ని. నేను ఇంటికి వెళ్ళాక ఎన్ని దిద్దేవారని నిదానం గారిని తెర మీదకి పిలిచి అడిగాను. కళ్ళజోడు తుడుచుకున్నాడు, కిటికీలోంచి చూశాడు, "ఏవో రెండు మూడు మేడం" అన్నాడు. అంత ఆలోచించి చెప్పాడంటే ఎన్నో ఊహించుకో. నాకు సిగ్గేసింది. అంతమంది మధ్య కూర్చుని అన్నేళ్ళూ నేనొక్కదాన్నే ఉన్నానన్నమాట.

ఆకుపచ్చ గడి కదలకుండా అక్కడే ఉంది, నేనేమంటానో అని. ఆ వరుస ఆ పిల్లకి వదిలి పక్క వరుసలోకి జరిగాను.

నీ మేనత్త